షికాగో ఎంత దూరమో ముందు తేల్చండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో హైదరాబాద్ నుంచి అమెరికాకి నాన్‌స్టాప్ విమానం మళ్లీ ఎప్పుడొస్తుంది అంటూ పెద్ద కథనం వేశారు. బాగానే రాశారు, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నా పేచీ అంతా అందులో వేసిన దూరంతోనే. వార్త లోపల హైదరాబాద్ నుంచి షికాగోకి 11,500 కిలోమీటర్లని ఉంది, పక్కన రంగుల బాక్సులో 16 వేల కిలోమీటర్లని ఉంది, కింద ప్రపంచ పటం మీద శంషాబాద్ నుంచి షికాగో దాకా స్కేలు పెట్టి లాగినట్టు ఒక ఎర్ర గీత ఉంది. ఒకే పేజీలో నాలుగున్నర వేల కిలోమీటర్ల తేడా అండీ! ఆ తేడాలో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మూడుసార్లు ఎగరొచ్చు. పోనీ రెండింట్లో ఒకటైనా ఒప్పా అంటే, రెండూ తప్పే.

నేను లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి, ఇలాంటివి కనబడితే పేపరు పక్కన పెట్టి కాగితం పెన్ను తీసుకోకుండా ఉండలేను. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు, ఇంటర్ త్రికోణమితి వచ్చిన పిల్లాడు క్యాలిక్యులేటర్ చేతికిస్తే అయిదు నిమిషాల్లో తేల్చేస్తాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఉత్తర అక్షాంశం 17.24 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 78.43. షికాగోలోని ఓహేర్ ఎయిర్‌పోర్టు ఉత్తర అక్షాంశం 41.98, పశ్చిమ రేఖాంశం 87.90. ఒకటి తూర్పు, ఇంకోటి పడమర కాబట్టి రేఖాంశాలు రెండూ కూడాలి, తీసెయ్యకూడదు, పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. కూడితే 166.33. ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్ విలువల్ని గుణిస్తే 0.198 వస్తుంది. రెండు అక్షాంశాల కొసైన్లనీ, ఆ 166.33 కొసైన్‌నీ కలిపి గుణిస్తే మైనస్ 0.690. రెండూ కలిపితే మైనస్ 0.492. ఏ కోణానికి కొసైన్ అంత ఉంటుందో చూస్తే 119.45 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే 111.2 కిలోమీటర్లు. గుణించండి, దాదాపు 13,280 కిలోమీటర్లు వస్తుంది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గరి దారి అదే, అంతకంటే తక్కువ దూరంలో వెళ్లాలంటే భూమిలో సొరంగం తవ్వుకోవాల్సిందే. (సొరంగం సుమారు 11,000 కిలోమీటర్లు. సరదాకి అదీ లెక్కేశాను.)

కొందరికి అనుమానం వస్తుంది, భూమి సరైన గోళం కాదు కదా అని. నిజమే, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్య రేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఆ 21 కిలోమీటర్ల తేడాని కూడా లెక్కలోకి తీసుకుని మిల్లీమీటర్లలో జవాబిచ్చే పద్ధతిని విన్సెంటీ అనే ఆయన 1975లో ప్రచురించాడు, కంప్యూటర్లలో ఎక్కువగా నడిచింది అదే, తర్వాత దానికంటే మెరుగైనవీ వచ్చాయి. కానీ మన లెక్కకి దానివల్ల వచ్చే మార్పు మహా అయితే కొన్ని పదుల కిలోమీటర్లు. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కాబట్టి అక్కడ వృత్తం కాస్త పెద్దది, దానికి ఇంకో 23 కిలోమీటర్లు కలుస్తాయి. రన్‌వే ఏ కొసన ఎక్కాడు, ఏ కొసన దిగాడు అంటారా, శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవే 4,260 మీటర్లు, అదో లెక్క కాదు. ఈ చిల్లరంతా కలిపినా 13,280 పోయి 13,350 అవుతుందేమో గానీ, 11,500 అవదు, 16,000 అంతకన్నా అవదు.

మరి ఆ రెండంకెలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి? మొదటిది నాకు అర్థమైనట్టే ఉంది. విమానాల వాళ్లు దూరాన్ని నాటికల్ మైళ్లలో చెప్తారు. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు, 1929లో మొనాకోలో జరిగిన సదస్సులో ఖాయమైన కొలత. మనకి తెలిసిన మామూలు మైలు 1,609 మీటర్లు. 13,280 కిలోమీటర్లంటే మామూలు మైళ్లలో 8,250, నాటికల్ మైళ్లలో 7,170. ఎక్కడో 7,170 అని చూసి, పక్కన ఏ మైలో పట్టించుకోకుండా 1.6తో గుణించారనుకోండి, వచ్చేది సుమారు 11,500. మీ అంకె అదే. డెస్కులో ఎవరో పాపం అర్ధరాత్రి హడావిడిలో చేసి ఉంటారు, నేను వాళ్లని అనడం లేదు. కానీ ఈ పొరపాటు ఒక్క మీ పత్రికలోనే కాదు, అన్నిచోట్లా కనబడుతుంది, మైళ్లు అని రాసి ఊరుకుంటారు, ఏ మైళ్లో రాయరు.

రెండో అంకె సంగతి ఇంకా తమాషా. మీ పటం మీద ఎర్ర గీత అరేబియా సముద్రం దాటి, సౌదీ మీదుగా, లిబియా, అల్జీరియా, మొరాకో దాటి, అట్లాంటిక్ పొడుగునా వెళ్లి, ఫిలడెల్ఫియా దగ్గర అమెరికాలోకి దూరి షికాగో చేరింది. చూడ్డానికి తిన్నగా, ముచ్చటగా ఉంది. కానీ గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచిన కాగితం మీద తిన్నగా కనబడేది నేల మీద తిన్నని దారి కాదు. దిక్సూచి ముల్లు మొదటినుంచి చివరిదాకా ఒకే దిక్కు చూపించేలా వెళ్తే ఆ గీతకి దగ్గర దారే వస్తుంది, దాని పొడవు లెక్కేస్తే సుమారు 16,100 కిలోమీటర్లు. మీ బాక్సులోని 16 వేలు అక్కడిదే అయి ఉండాలి. అంటే అసలు దారి కంటే 2,800 కిలోమీటర్లు ఎక్కువ, విమానానికి మూడు గంటలకి పైగా పని.

అసలు దారి ఎలా పోతుందో చూడాలంటే పిల్లల గ్లోబ్ ఒకటి, దారం ముక్క ఒకటి చాలు. బడుల్లో సాధారణంగా ఉండే 30 సెంటీమీటర్ల గ్లోబ్ తీసుకోండి. దారం ఒక కొస హైదరాబాద్ దగ్గర వేలితో నొక్కిపెట్టి, రెండో కొస షికాగో దగ్గర పెట్టి, బిగించి లాగండి. మొదట దారం ఎటో పక్కకి జారుతుంది, జారనివ్వండి, ఇంక జరగను అని బిర్రుగా ఆగినచోట ఉన్నదే అతి దగ్గరి దారి. ఆగినప్పుడు చూస్తే దారం పడమటికి కాదు, దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోయి ఉంటుంది. శంషాబాద్ నుంచి బయల్దేరేటప్పుడు ఉత్తరానికి పడమరగా పన్నెండు డిగ్రీలు కూడా వంగదు. ఢిల్లీకి కాస్త ఎడమగా, అమృత్‌సర్ మీదుగా, గిల్గిత్ పక్కనుంచి పామీర్ కొండలు దాటి, కజకిస్తాన్, రష్యాలో ఉరల్ ప్రాంతం, ఆ పైన బారెంట్స్ సముద్రం, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవులు. దానికీ గ్రీన్‌లాండ్‌కీ మధ్య సముద్రం మీద 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అక్కడినుంచి దిగడం మొదలుపెట్టి, గ్రీన్‌లాండ్, కెనడాలోని బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతం తూర్పు ఒడ్డు, అంటారియో, షికాగో. ఆఫ్రికా ఊసే లేదు, అట్లాంటిక్ పేరుకి కూడా తగలదు. దారం పొడవు కొలిస్తే 31 సెంటీమీటర్ల పైన రెండు మూడు మిల్లీమీటర్లు వస్తుంది. ఆ గ్లోబ్ మీద సెంటీమీటరంటే సుమారు 425 కిలోమీటర్లు. గుణించుకోండి.

ఎందుకలా అంటే, హైదరాబాద్ రేఖాంశానికి భూమికి సరిగ్గా అవతలి వైపున్న రేఖాంశం పశ్చిమం 101.6. అది అమెరికా నడిమధ్యనుంచి పోతుంది. అందుకని మనకి అమెరికా పడమర కాదు, ఉత్తరం. మన పిల్లలు బోలెడంత మంది ఉన్న డాలస్ ఆ గీతకి ఇంకా దగ్గర కాబట్టి హైదరాబాద్–డాలస్ దారి అయితే ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల చేరువదాకా వెళ్తుంది, దూరం 14,400 చిల్లర.

ఇదంతా మాస్టారి చాదస్తం అనుకోకండి. మా వీధిలో అమెరికాలో పిల్లలు లేని ఇల్లు వెతుక్కోవాలి. ఎయిర్‌పోర్టులో దింపి వచ్చిన రాత్రి నిద్ర మానుకుని ఫోన్‌లో ఆ బుల్లి విమానం బొమ్మ కదలడాన్ని చూస్తూ కూర్చుంటారు. అది రష్యా పైనో గ్రీన్‌లాండ్ పైనో కనబడగానే ఒకటే టెన్షన్, దారి మళ్లించారా, ఏమన్నా అయిందా అని. ఎందుకు కాదు, పేపర్లో చూసిన గీత మొరాకో మీదుగా వెళ్లింది మరి!

టికెట్ కొనేటప్పుడూ ఈ లెక్క పనికొస్తుంది. మధ్యలో ఒకచోట దిగి మారాలంటే ఏ ఊరు మీదుగా అయితే చుట్టు తక్కువ? పటం చూసి అందరూ దుబాయ్ దారిలోనే ఉంది, ఢిల్లీ వెనక్కి పోవడం అంటారు. లెక్కేస్తే హైదరాబాద్–దుబాయ్–షికాగో దాదాపు 14,190 కిలోమీటర్లు, అంటే సూటి దారి కంటే 900 ఎక్కువ. లండన్ మీదుగా 14,100, ఎనిమిది వందల పైచిలుకు ఎక్కువ. ఢిల్లీ మీదుగా అయితే పెరిగేది పది కిలోమీటర్లు కూడా ఉండదు, ఢిల్లీ దాదాపు ఆ గీత మీదే ఉంది కాబట్టి. టికెట్ ధర, మధ్యలో పడిగాపులు అవన్నీ వేరే సంగతి, నేను చెప్పేది దూరం గురించే.

ఇక్కడిదాకా చెప్పింది రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం. విమానం నిజంగా ఎగిరే దూరం ఇంకొకటి. మీ పత్రికే కాదు, చాలామంది కలిపేసేది ఈ రెండింటినే. దీనికి నాకు తెలిసినంతలో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసుని మించిన ఉదాహరణ లేదు. సూటిగా లెక్కేస్తే ఆ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య 12,380 కిలోమీటర్లు. 2015 డిసెంబరులో మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా వెళ్లేవాళ్లు. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా తిప్పారు, ఎగిరిన దూరం 15,300 కిలోమీటర్లు అయింది, అట్లాంటిక్ దారి కంటే 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే రెండు గంటలు ముందే! కారణం గాలి. పైన పది పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలి ప్రవాహాలు ఉంటాయి, జెట్ స్ట్రీమ్ అంటారు. అట్లాంటిక్ వైపు వెళ్తే దానికి ఎదురీదాలి, పసిఫిక్ వైపు వెళ్తే అదే వెనకనుంచి తోస్తుంది. దూరం పెరిగింది, టైము తగ్గింది, పెట్రోలూ కలిసొచ్చింది. (విమానానికి పోసేది పెట్రోలు కాదని తెలుసు, ఏటీఎఫ్ అంటారు, మనలో మన మాటగా అన్నాను.)

అప్పుడు పేపర్లన్నీ ప్రపంచంలోకెల్లా పొడవైన నాన్‌స్టాప్ అని రాశాయి. ఎగిరిన దూరం చూస్తే నిజం. ఎయిర్‌పోర్టుల మధ్య సూటి దూరం చూస్తే అదే ఏడాది మార్చిలో మొదలైన దుబాయ్–ఆక్లండ్ దాదాపు 14,200 కిలోమీటర్లతో ముందుంది. రెండు మాటలూ ఒప్పే, దేన్ని కొలిచారో చెప్తే. చెప్పకపోతే మాత్రం రెండూ తగువే. ఇప్పుడు ఆ పేరు సింగపూర్–న్యూయార్క్‌ది, సూటి దూరమే 15,300 దాటుతుంది.

గాలి ఒక్కటే కాదు. మన హైదరాబాద్–షికాగో గీతే చూడండి, అది పోయే దేశాల జాబితా చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పాకిస్తాన్ 2019లో బాలాకోట్ దాడి తర్వాత కొన్ని నెలలు తన గగనతలం మూసేసింది, 2025 ఏప్రిల్‌లో పహల్గాం తర్వాత మన విమానాలకి మళ్లీ మూసింది, దాంతో ఉత్తర భారతం నుంచి యూరప్, అమెరికా వెళ్లేవి కిందికి దిగి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్నయితే వియన్నాలో ఆగి ఇంధనం పోయించుకున్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా మీద అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు ఎగరడం లేదు, మన వాటికి ఆ ఇబ్బంది లేదు. అంటే అదే రెండు ఎయిర్‌పోర్టులు, అదే రోజు, ఏ కంపెనీ విమానం అన్నదాన్ని బట్టి ఎగిరే దూరం మారిపోతుంది. ఇక పామీర్, హిందూకుష్ కొండలు. అంత ఎత్తున క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానం గబగబా పదివేల అడుగులకి దిగాలి, కింద ఇరవై వేల అడుగుల కొండలుంటే ఎక్కడికని దిగుతుంది? అందుకని అక్కడ ముందే తప్పించుకునే దారులు చూసుకుని వెళ్తారు. ధ్రువం దగ్గర చలి ఇంకో తంటా, జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీలకి గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి ట్యాంకులో వేడి ఎంతుందో పైలట్లు చూసుకుంటూనే ఉంటారు.

ఇన్ని ఉన్నా ఉత్తరం దారిన వెళ్లినవాళ్లున్నారు. 2021 జనవరిలో ఎయిరిండియా కెప్టెన్ జోయా అగర్వాల్ పైలట్ల బృందం, అందరూ ఆడవాళ్లే, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చారు. సూటి దూరం 13,993 కిలోమీటర్లని ఆనాడు ప్రకటించారు, నా క్యాలిక్యులేటర్‌లో గోళం లెక్క వేసినా అయిదారు కిలోమీటర్లే తేడా వచ్చింది. అదే నెల 15న హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ కూడా మొదలైంది, బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానంతో, తర్వాత ఆగిపోయింది. మీ కథనం దాని గురించే కదా. అలాంటి విమానం ఎంత దూరం ఎగరగలదు, నిండా జనాన్నీ సామానునీ ఎక్కించుకుంటే ఎక్కడిదాకా పోగలదు అన్నదే ఆ సర్వీసు నడుస్తుందా లేదా తేల్చే విషయాల్లో ముఖ్యమైంది. 11,500 అయితే చాలా రకాల విమానాలు సరిపోతాయి, 13,300 అంటే కొన్నే, పాకిస్తాన్‌ని తప్పించుకుంటూ చుట్టు తిరిగితే ఇంకా తక్కువ. దూరం తప్పు రాసి ఎందుకు ఆపేశారు అని అడిగితే పాఠకుడికి జవాబు ఎలా తెలుస్తుంది?

డబ్బుతో కూడా దీనికి లంకె ఉంది. యూరప్‌లో విమానం రద్దయినా బాగా ఆలస్యమైనా ఇచ్చే పరిహారం దూరాన్ని బట్టి ఉంటుంది, 1,500, 3,500 కిలోమీటర్లు అక్కడ హద్దులు, 250 నుంచి 600 యూరోల దాకా. ఆ దూరం విమానం ఎగిరింది కాదు, భూగోళం మీద అతి దగ్గరి దారి అని 2004 నాటి వాళ్ల చట్టంలోనే స్పష్టంగా ఉంది. ఎటు తిప్పి తీసుకెళ్లినా గొడవ లేదన్నమాట. ప్రయాణికుడి వాటాకి ఎంత కార్బన్ పడుతుందో లెక్కేసేటప్పుడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కూడా మొదట ఈ దగ్గరి దారినే తీసుకుని, 5,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణాలకి చుట్టు తిరుగుళ్ల కింద ఇంకో 125 కిలోమీటర్లు కలుపుతుంది. మన షికాగోకి అయితే ఆ 125 చాలా తక్కువ అని నా అభిప్రాయం, పాకిస్తాన్ గేటు మూసినప్పుడు అది ఏ మూలకీ రాదు.

కాబట్టి మిమ్మల్ని నేను కోరేది పెద్దదేం కాదు. దూరం వేసినప్పుడు పక్కన ఒక్క ముక్క, సూటి దూరమా, ఎగిరిన దూరమా అన్నది రాయండి. మైళ్లు కనబడితే ఏ మైళ్లో అడిగి మరీ కిలోమీటర్లలోకి మార్చండి. పటం వేసే ఆర్టిస్టు గారికి చెప్పండి, అమెరికా ప్రయాణాలకి ప్రపంచాన్ని ఉత్తర ధ్రువం పైనుంచి చూసినట్టు గీస్తే బాగుంటుంది, అప్పుడు హైదరాబాద్ కింద, షికాగో పైన, మధ్యలో మంచు, గీత కొంచెమే వంగి కనబడుతుంది, చూసినవాళ్లకి వివరించే పని కూడా ఉండదు. ఆ కథనానికి సవరణ వేసే ఉద్దేశం ఉంటే 13,280 అని వేసి ముందు "దాదాపు" పెట్టండి. మొరాకో మాత్రం తీసెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
ఖమ్మం